నిద్దట్లో ఏ భాష

1982 అక్టోబరు 30

సిమ్లా నుంచి కట్ట వచ్చింది. ఎమ్మెడ్ రెండో ఏడు పాఠాలు. కొండల మీద నుంచి వచ్చింది కదా, విప్పగానే దేవదారు వాసన వస్తుందని ప్రతిసారీ నా భ్రమ. అత్తయ్య ముక్కు దగ్గర పెట్టుకుని కిరసనాయిలు వాసనంది. ఆవిడే రైటు. సైక్లోస్టైల్ ఇంకు.

పోస్టులో చదువు నాకు బాగానే కుదిరింది. కాసిడీహ్ బడిలో తెలుగు సెక్షన్‌కి పాఠాలు చెప్పడం మానక్కర్లేదు, వంట మానక్కర్లేదు. టైం టేబుల్ మాత్రం ఆయన పనిచేసే టిన్‌ప్లేట్ ఫ్యాక్టరీ వాళ్ళది. ఆయన ఎ షిఫ్టుకి వెళ్తే తెల్లవారుజామున చదువుకుంటాను, బి షిఫ్టయితే సాయంత్రం. సి షిఫ్టు వారం మాత్రం చదువు లేదు. ఉన్న ఒక్క గదిలో పగలంతా ఆయన నిద్ర.

ఆ వారం మా గేటు మీద ఎర్ర గమ్ఛా, అదే తుండుగుడ్డ, వేలాడుతుంది. గోల్‌మురిలో మా క్వార్టర్ల లైన్ రూలు అది. గమ్ఛా ఉన్న ఇంటి ముందు పిల్లలు చెప్పులు చేత్తో పట్టుకుని నడుస్తారు. కూరలబండి వాడు కూడా అరవడు. ఎండలో ఆ నిశ్శబ్దం నాకు ఇష్టం. వరండాలో కూర్చుంటే లైన్ మొత్తం నీళ్ళలో మునిగినట్టు ఉంటుంది.

నవంబరు 7

డిసర్టేషన్‌కి టాపిక్ పంపాలి. రెండు వారాలుగా పంపలేదు. నాకు కావలసిన ప్రశ్న అడగడానికి సిగ్గుగా ఉంది.

మా అమ్మాయి రత్నానికి తొమ్మిదేళ్ళు. ఆయన హిందీ మీడియంలో వేశారు. అత్తయ్య ఓలే గుంటా, అన్నం తిన్నావేటే అంటే, ఖా లియా అంటుంది. నేను జడ వేస్తూ తెలుగులో మాట్లాడుతుంటే అద్దంలోంచి హిందీలో జవాబులిస్తుంది. అర్థమవుతుంది దానికి, అన్నీ అర్థమవుతాయి. పెదవి దాటి రాదు. ఊళ్ళో పిల్లలందరికీ తెలుగు చెప్పే టీచరు కూతురు.

నాకు తెలుసుకోవాలనుంది. ఎవరూ చూడనప్పుడు, దాని లోపల ఎక్కడైనా తెలుగు ఉందా? నిద్రపోయినప్పుడు ఎవరికీ జవాబు చెప్పక్కర్లేదు కదా. అక్కడ ఏ భాష?

రాసేశాను. టాటాలో తెలుగు పిల్లలు ఏ భాషలో కలలు కంటారు. ఇంగ్లీషులో రాస్తే చాలా గొప్పగా కనిపించింది.

నవంబరు 24

గైడ్ గారు ఒప్పుకున్నారు. ఒప్పుకున్నారంటే, కలల్ని కొలవలేం, సరే అడిగి చూడండి అన్నారు.

అడుగుతున్నాను. రోజూ ప్రేయర్ అయ్యాక, అటెండెన్సుకి ముందు. రాత్రి ఏం కల వచ్చింది రా అని. మొదటిరోజు ఎవరూ నోరు విప్పలేదు. ఇప్పుడు ఆపలేకపోతున్నాను.

అప్పలసూరి కలలో స్వర్ణరేఖ నది వాళ్ళ లైన్లోకి వచ్చిందట. అందరూ మంచాల మీద కూర్చుని తేలుతూ బడికి వచ్చారట. నేను నా మంచం మీద బెత్తం పట్టుకుని ఉన్నానట, తడవకుండా. వెనక బెంచీ మార్తా కలలో ఫర్నేసు పడుకుందట. దానికీ సి షిఫ్టు అయిందట. ఎవరో దాని మీద గమ్ఛా కప్పితే, ఊరు ఊరంతా చెప్పులు చేత్తో పట్టుకుని నడిచిందట.

మార్తా చెప్పి కూర్చున్నాక కాసేపు నాకు పాఠం ఎక్కడుందో గుర్తు రాలేదు.

కలలో ఎవరైనా మాట్లాడారా, ఏ భాషలో అని అడిగాను. తెలుగు. తెలుగు. అందరూ తెలుగే! ఇంటికి నడిచి వస్తూ దారి పొడుగునా నవ్వుకున్నాను. సాక్చి దగ్గర ఎవరో చూసి పిచ్చిదనుకుని ఉంటారు.

డిసెంబరు 20

గైడ్ గారి జవాబు. నా కాగితాలన్నీ తిప్పి పంపారు. ఒకే ప్రశ్న వేశారు: మీరు వాళ్ళని ఏ భాషలో అడిగారు? దాని కింద, మీరు కొలిచింది పిల్లలకి మీ మీద ఉన్న ప్రేమని, అని రాశారు.

వంట చేయబుద్ధి కాలేదు. అత్తయ్యే చేసింది.

డిసెంబరు 22

హిందీలో అడిగాను. అందరూ హిందీలో కలలు కన్నారు.

1983 జనవరి 9, ఆదివారం

మార్చి నెలాఖరుకి పంపకపోతే ఏడాది పోయినట్టే. ఇంకో ఏడు ఈ కట్టలు మొయ్యలేను.

ఎవరూ అడగకుండా ఎవరో వినాలి. ఆ ఆలోచన తెల్లవారుజామున వచ్చింది, ఆయనకి రొట్టెలు కాలుస్తుంటే. ఎ షిఫ్టు సైరన్ కంటే ముందు ఈ లైన్లలో ఆడవాళ్ళందరం లేచే ఉంటాం. పొయ్యి పక్కనే పిల్లలు పడుకుని ఉంటారు. ఆ వేళ కలవరించే పిల్లల మాటలు వినేది తల్లులే. వాళ్ళని వినమంటే సరి.

వెనక లైన్ చిలకమ్మకి చెప్పాను. వాళ్ళాయన కంట్రాక్టు కూలీ, ముగ్గురు పిల్లలూ నా దగ్గరే చదువుతారు. పిల్లలు నిద్దట్లో ఏటంతారో ఇనాలి, అంతేనా గౌరీ టీచరమ్మా, అదేటి సదువమ్మా అని పడీ పడీ నవ్వింది. కానీ అందరికీ చెప్పింది.

నేను కూడా విన్నాను, రత్నం పక్కన ఒంగి. పళ్ళు కొరుకుతుంది. పళ్ళకి భాష లేదు.

జనవరి 30, ఆదివారం

మధ్యాహ్నం వరండా నిండా తల్లులు. వరసగా నిలబడి చెప్తారు. నడుం మీద చెయ్యి వేసుకుని చిలకమ్మ మొదలుపెడుతుంది. మా పెద్దోడు నిద్దట్లో కూరలో ఉప్పు సాల్లేదన్నాడమ్మా, తెలుగే. సింహాచలమ్మ వాళ్ళ గుంట గాలిపటం తెగిపోనాదని ఏడిసిందట, తెలుగే. ఒకావిడ కొడుకు ఎక్కం అప్పజెప్పాడట, అదీ తెలుగే. అత్తయ్య వక్కలు పంచుతుంది. రత్నం మెట్టు మీద కూర్చుని నోరు తెరుచుకుని వింటుంది.

రాసుకోలేక నా చెయ్యి నొప్పి. ఈసారి ఎవరూ అడగలేదు, గైడ్ గారూ!

ఫిబ్రవరి 20, ఆదివారం

చిలకమ్మ ఒక్కతీ వచ్చింది, మిగిలినవాళ్ళు రాకముందే. గేటు దగ్గరే నిలబడిపోయింది. లోపలికి రమ్మంటే రాలేదు. తరవాత చెప్పింది.

పిల్లలు సగంమంది ఏమీ అనరట. మొద్దుల్లా పడుకుంటారు. అన్నవాళ్ళు హిందీ అంటారు, ఒరియా ముక్కలంటారు, తెలుగు కూడా అంటారు, తల్లులకి సరిగ్గా వినపడదు. పొయ్యి మీద రొట్టె మాడిపోతుంది కదా. మరి ఇన్ని ఆదివారాలు ఎందుకు చెప్పారు అని అడిగాను. టీచరమ్మ ఇంటికి ఉత్త సేతుల్తో ఎలా వత్తాం తల్లీ అంది. తెలుగని సెప్తే నీ మొకం ఎలిగిపోయీది, అందుకే అల్లాగ సెప్పినాం అంది.

ములక్కాడలు తెచ్చినట్టు కలలు తెచ్చారు. చేత్తో అల్లి మరీ తెచ్చారు.

ఫిబ్రవరి 21

ఒళ్ళు మండిపోతోంది. వాళ్ళ మీద కాదు. ఎవరి మీదో తెలియడం లేదు. పిల్లల్నీ తల్లుల్నీ అందరినీ నా మొహం చూసి మాట్లాడేలా చేసుకున్నాను. నా మొహం అంత ఆకలిగా ఉంటుందా?

ఆయన, వదిలెయ్యి గౌరీ, వచ్చే ఏడు ఇంకేదైనా రాద్దువు అన్నారు. ఇంకేదీ రాయాలని లేదు నాకు. ఇదే కావాలి. రత్నం లోపల ఏముందో ఇప్పటికీ తెలియదు.

ఫిబ్రవరి 27, ఆదివారం

గేటు మీద గమ్ఛా. ఆయన నిద్ర. లైన్ అంతా నీళ్ళ అడుగున ఉంది. తల్లులు ఎవరూ రాలేదు, చిలకమ్మ చెప్పి ఉంటుంది. పిల్లలు చెప్పులు పట్టుకుని పోతున్నారు. వాళ్ళలో ఏ ఇంటి పిల్ల తెలుగో, ఏ ఇంటి పిల్ల బెంగాలీయో నడక చూస్తే తెలియదు.

ఉన్నది ఉన్నట్టు రాస్తే? పిల్లలు నాకు ఇష్టమైన భాషలో కలలు కన్నారని, తల్లులు కలల్ని నాకు కానుకగా ఇచ్చారని. ఈ ఊళ్ళో కల కూడా వినేవాళ్ళని బట్టి మాట్లాడుతుందని.

పెన్సిల్ చప్పుడు కూడా పైకి రాకుండా రాయడం మొదలుపెట్టాను.

మార్చి 26

పోస్టు చేశాను. పోస్టాఫీసు బయటే కాసేపు నిలబడ్డాను. ఫ్యాక్టరీ వాళ్ళు స్లాగ్, అదే కరిగిన ఇనపచిట్టెం, పారబోసినట్టున్నారు, సాయంత్రపు ఆకాశం ఒక పక్క ఎర్రగా ఉడికింది. బస్సు వచ్చింది, ఎక్కలేదు. తరవాతది ఎక్కాను.

జూన్ 8, సిమ్లా

రెండు బళ్ళు మారి, చివర బొమ్మంత రైలెక్కి వచ్చాను. కాంటాక్ట్ క్లాసులు. దేవదారు చెట్లు నిజంగానే ఉన్నాయి. వాసన మాత్రం నేను అనుకున్నది కాదు, తడి గోనెసంచీలా ఉంది. నాకైతే నచ్చింది.

మబ్బు కిటికీలోంచి క్లాసులోకి వస్తుంది. ముందు వరసలో టీచర్లు కనబడరు. దేశం నలుమూలల నుంచీ వచ్చిన టీచర్లం, జుట్టు నెరిసినవాళ్ళం, ముడుచుకుని స్వెట్టర్లలో కూర్చున్నాం. అందరికీ తెల్లవారుజామునే చదివిన మొహాలు.

జూన్ 11, సిమ్లా

వైవా అయింది. బయటి ఎగ్జామినర్ పెద్దాయన. మార్తా కల ఉన్న పేజీ దగ్గర ఆగిపోయి రెండుసార్లు చదివారు. మీ ప్రశ్నకి జవాబు దొరకలేదు కదా అన్నారు. దొరకలేదు సర్ అన్నాను. గైడ్ గారు, అందుకే ఇది నాకు నచ్చింది అన్నారు. పాసు! మార్పులేమీ అక్కర్లేదట.

లేచి తలుపు దాకా వచ్చాక పెద్దాయన వెనక నుంచి అడిగారు, మరి మీరు ఏ భాషలో కలలు కంటారని. తెలుగు సర్ అన్నాను. ఠక్కున అనేశాను, ఇందులో ఆలోచించేదేముంది. ఆయన నవ్వి తల ఊపారు.

ఆనందంగా ఉంది. ఆనందంగా ఉండి కూడా, రత్నానికి జడ ఎవరు వేస్తున్నారో అనుకున్నాను.

జూన్ 19, గోల్‌మురి, ఉదయం

ప్రయాణం బడలికతో పొద్దెక్కే దాకా పడుకున్నాను. ఆయన ఎ షిఫ్టుకి వెళ్ళిపోయారట, అత్తయ్య రొట్టెలు చేసిందట.

కళ్ళు తెరిస్తే రత్నం నిలబడి ఉంది. నడుం మీద చెయ్యి, అచ్చం చిలకమ్మ. అమ్మా, నువ్వు నిద్దట్లో మాటాడినావు, నాను ఇన్నాను అంది. బచ్చోఁ, చుప్, పాపా సో రహే హైఁ అన్నావు అంది, పిల్లలూ చప్పుడు చెయ్యకండి, నాన్న పడుకున్నారు అని. మరేటి, ఇందీయే అంది. నాలుగుసార్లు అన్నావు, ఒకసారి ఏడిసినావు, మామ్మ దుప్పటి కప్పింది అంది.

ఇంకా చెప్తోంది, తెలుగులోనే. మధ్యలో నేనేమైనా అంటే ఆగిపోతుందేమోనని కదలకుండా పడుకుని విన్నాను.