దుప్పట్ల గదికి వేసిన తాళం

శంషాబాద్,
గురువారం.

అన్నయ్యకు, నీ పాదాలకు మొక్కి చెల్లెలు సుబ్బలక్ష్మి రాస్తున్నది. నువ్వు, వదిన, పిల్లలు కులాసాగా ఉన్నారని తలుస్తాను. నీ మోకాళ్ల నొప్పులు తగ్గాయా? నేను బాగానే ఉన్నాను, దిగులు పడకండి.

ఇక్కడ చలి మొదలైంది. విమానాశ్రయం దగ్గరి హోటల్లో దుప్పట్లు మడిచే పని మామూలే. గదికి వస్తే పలకరించే మనిషి లేదు. విమానం పోయినప్పుడల్లా కిటికీ రెక్కలు అదురుతాయి. అదొక్కటే అలికిడి.

కిందటి సోమవారం జరిగింది ఫోనులో చెప్పలేకపోయాను. కార్తీక సోమవారాలు మధ్యాహ్నం దాకా నేను మౌనవ్రతం పడతానని నీకు తెలుసు. కొత్తగా వచ్చిన మేనేజరుకు తెలియదు. ఎవరో అతిథి ఉంగరం కనబడలేదని పొద్దున్నే వచ్చి నన్ను అడిగాడు. తల అడ్డంగా ఊపాను.

"నోరు విప్పవేం? తీశావు కాబట్టేగా!" అని దుప్పట్ల గదిలోకి నెట్టి తాళం వేశాడు.

వ్రతం చెడుతుందని ఊరుకున్నాను. అది నా పొరపాటే. పన్నెండు దాటాక తలుపు కొట్టి పిలిచాను. నడవాలో అడుగులు వినబడ్డాయి, ఎవరూ ఆగలేదు. మూడింటికి తీశారు. ఉంగరం ఆ అతిథి కోటు జేబులోనే దొరికిందట.

మేనేజరు తప్పయిందని అనలేదు సరికదా, నా అంతట నేనే గదిలో కూర్చున్నానని కాగితం రాయించి, సంతకం పెట్టకపోతే పని ఉండదన్నాడు. పెట్టేదాన్నే. బట్టలుతికే యాదమ్మ చెయ్యి పట్టుకుని ఆపింది. ఆమె ఇక్కడి మనిషే.

"ఏందక్కా, నిన్ను లోపలేసి తాళమెయ్యనీకి గాయనెవడు? నడువు, వకీలమ్మ తాన పోదాం."

"గొడవెందుకు యాదమ్మా, దేవుడే చూసుకుంటాడు."

"దేవుడు ఠాణాకొచ్చి సంతకం పెడ్తడా? నువ్వే పెట్టాలె!"

అంత బాధలోనూ నవ్వొచ్చింది.

కోర్టు దగ్గర ఉచితంగా సలహా చెప్పే ఆ లాయరమ్మ విడమరిచి చెప్పింది. మనిషిని బలవంతంగా గదిలో బంధించడం నేరమట. అనుమానం ఉంటే పోలీసులకు చెప్పాలిగాని తనే తాళం వేయకూడదట. పోలీసులైనా పట్టుకున్న మనిషిని ఇరవై నాలుగు గంటల్లో జడ్జి ముందు నిలబెట్టాలట. ఇవన్నీ రాజ్యాంగం ఇచ్చిన హక్కులట, దుప్పట్లు మడిచేవాళ్లకు కూడా.

నిన్న ఠాణాలో ఫిర్యాదు ఇచ్చాను. అప్పటినుంచి భోజనాల దగ్గర యాదమ్మ తప్ప ఎవరూ నా పక్కన కూర్చోవడం లేదు. ఈ రోజు ఆమె సెలవు. ఒక్కదాన్నే తిన్నాను. అయినా బాగానే ఉన్నాను.

ఎవరైనా ఇటు వస్తుంటే వదినను కాస్త ఉసిరి పచ్చడి పంపమను. పెద్దమ్మకు నా నమస్కారాలు, పిల్లలకు ముద్దులు.

అన్నయ్యా, పనిలో చేరేటప్పుడు హోటల్లో ఇచ్చిన కాగితాల్లో నీ నంబరు ఉంది. మేనేజరు నీకు ఫోను చేస్తాడు. పరువంటాడు, రాజీ అంటాడు. నీది మెత్తని మనసు. "మా చెల్లెలికి నేను నచ్చజెబుతాను" అని మాత్రం అనకు. నువ్వు చెబితే నేను కాదనలేను.

నీ దీవెన కోరే
సుబ్బలక్ష్మి