అమ్మ కూర్చున్న గది

శ్రీనూ, ఎట్లున్నావురా?

నువ్వు వెళ్లిపోయి నాలుగేళ్లు దాటింది. సీతాఫల్‌మండిలో అదే ఇల్లు, అవే రెండు గదులు. నీ గదిలో ఇప్పుడు అమ్మ పడుకుంటోంది.

కవలలం కదా, కరోనా కూడా కలిసే తెచ్చుకున్నాం. నీకో గది, నాకో గది. ఆక్సీమీటర్ మాత్రం ఒక్కటే. నాకు చిన్నప్పటి నుంచి ఆయాసం కాబట్టి అమ్మ నా దగ్గరే కూర్చుంది. నీ గుమ్మం దగ్గరికి వచ్చినప్పుడల్లా నువ్వు ఒకటే మాట... "ముందుగాల దాన్ని చూడవే అమ్మా. నాకేమైతది? దున్నపోతు లెక్క ఉన్న!" మేం నమ్మేశాం. నేను లేచి తిరిగాను. నువ్వు ఆసుపత్రి నుంచి ఇంటికి రాలేదు.

అప్పటి నుంచి అమ్మది ఒకటే ఏడుపు. కూర్చోవాల్సిన గది వదిలేసి ఇంకో గదిలో కూర్చున్నానని. ఆ ఇంకో గదిలో ఉన్నది నేను కదరా... ఆ మాట విన్నప్పుడల్లా నాకెట్లా ఉంటుందో ఎవరికి చెప్పుకోను?

మొన్న మారేడ్‌పల్లిలో, నా ఆయాసానికి మందులిచ్చే డాక్టరమ్మను అడిగేశాను. ఆయాసమున్న నన్ను వదిలి, రాయిలా ఉన్న వాడిని కరోనా ఎందుకు పట్టుకుపోయిందని. ఆడవాళ్లలో ఎక్కువగా ఉండే ఈస్ట్రోజెన్ హార్మోన్, వైరస్‌తో పోరాడే శక్తిని తొందరగా మేల్కొలుపుతుందేమోనంది. మగవాళ్ల టెస్టోస్టెరాన్ ఆ శక్తిని కొంత అణచిపెడుతుందేమోనని కూడా. కరోనా మగవాళ్లకే ఎక్కువగా ముదిరిందట. అయితే హార్మోన్లొక్కటే కారణమని కాదట, నీకు అదే జరిగిందని ఎవరూ చెప్పలేరట. అడిగినవన్నీ "కావచ్చు" దగ్గరే ఆగిపోయాయి.

అమ్మకు ఊరటగా ఉంటుందని ఇంటికి రాగానే చెప్పాను. బెడిసికొట్టింది. అంటే తను కూర్చోకపోయినా నేను బతికేదాన్నే కదా అని మళ్లీ మొదలుపెట్టింది. నాకు ఒళ్లు మండింది, ఏడుపూ వచ్చింది. నీ గొంతు పెట్టి అరిచేశాను... "ముందుగాల దాన్ని చూడవే అమ్మా!" అని. "నిన్ను నా గదిలో కూర్చోబెట్టింది నీ కొడుకే కదా" అన్నాను. వాడి మాట విన్నందుకు ఇన్నేళ్లు ఏడుస్తావా అని అడిగాను.

అమ్మ లేచి, బీరువాలో దాచిన ఆక్సీమీటర్ తెచ్చి నా వేలికి తొడిగింది. దాంట్లో సెల్లు ఎప్పుడో అయిపోయింది, వెలగలేదు. అయినా నా చెయ్యి వదల్లేదురా.

నీకేమీ కాదన్నావు... అంత ధీమాగా ఎట్లా చెప్పావు?

సరేలే. ఇకమీద ముందుగాల అమ్మను నేను చూస్తా.

నీకన్నా కాస్త ముందు పుట్టిన
నీ అక్క