వెన్న తగలని ఉండలు

అల్మాస్‌కి,

నీ మొగుడు అవ్షాలిం ప్రేమతోనూ, ప్రస్తుతానికి అంతకు మించిన కోపంతోనూ రాసేది. ఇక్కడ అందరం క్షేమం. గొర్రెలు క్షేమం, ఇంటికప్పు మీద మంచు క్షేమం, నీ తోటికోడలు శూషన్ మరీ క్షేమం. తబ్రీజ్ ఆసుపత్రిలో నువ్వూ అలాగే ఉండాలి. సోమవారం కడుపు కోసి రాళ్ళు తీస్తారని రాశావు. అవ్షాలింతో ఇన్నేళ్ళు కాపురం చేస్తే కడుపులో రాళ్ళు కాక పూలు పూస్తాయా అని మీ అన్న అన్నాడట. అతనికి జవాబు వేరే కాగితం మీద రాస్తాను, ఇందులో చోటు చాలదు.

నీ ప్రశ్నలకి వరసగా జవాబులు. ఎర్ర కోడి గుడ్లు పెట్టడం మానేసింది, చలి మీద అలిగింది. నీ మందపాటి శాలువా దొరికింది, ఉత్తరంతోపాటు బస్సు డ్రైవరు చేతికిస్తున్నాను. నీ ఆపరేషన్ కోసం నేను మొక్కుకున్న ఈ మూడురోజుల నీనెవె ఉపవాసం ఎలా సాగిందని అడిగావు. దానికి కిందికొస్తాను. ముందు చర్చి పళ్ళెం సంగతి.

నీకు తెలియనిదేం కాదు గానీ, కోపంలో ఉన్నప్పుడు మొదటినుంచీ చెప్పందే నాకు ఊపిరాడదు. నీనెవె ఉపవాసం మూడోరోజు పూజ ముగిసేదాకా ఊళ్ళో ఎవరూ ఏమీ ముట్టరు. ముగిశాక అందరి నోట్లోనూ పడే మొదటి తీపి మన ఇంటిది, పాలూ వెన్నా తగలకూడనిది. మా అమ్మ చేతినుంచి నీ చేతికొచ్చిన వంతు. ఒక్క ఏడాది మన పళ్ళెం వెనక్కి వచ్చిందా, ఆ వంతు శూషన్‌కి పోతుంది, మళ్ళీ రాదు. అందుకే కదా, బస్సెక్కే ముందు నా కోటు బొత్తాం పట్టుకుని, "పళ్ళెం మాత్రం పోనివ్వకు" అన్నావు. నీ కడుపునొప్పి గురించి ఒక్క మాట అనలేదు.

నిప్పు ముట్టని మిఠాయి, ఇందులో బ్రహ్మవిద్య ఏముంది అనుకున్నాను. ఎండు ఖుబానీలు, కిస్‌మిస్‌లు, ఎండు మల్బరీలు రోట్లో వేసి ముద్దయ్యేదాకా దంచడం, తేనె కూడా అక్కర్లేదు, ఉండలు చుట్టడం. అక్రోట్లు ఎప్పుడు వేశావని అడిగావు. చివర్లో వేసి నాలుగు పోట్లు పొడిచి వదిలేయమన్నావు. నేను వాటినే ముందు వేశాను. పైగా దంచుతూ దంచుతూ యోనా ప్రవక్త గురించి ఆలోచనలో పడ్డాను.

నాకెప్పుడూ యోనా మీదే జాలి. నీనెవె వాళ్ళు, అంటే మన పూర్వీకులే, పశువులకి కూడా మేత మాన్పించి ఏడ్చేసరికి దేవుడు కరిగిపోయి ఊరిని వదిలేశాడు. బాగానే ఉంది. మరి ఊరు నాశనమైపోతుందని వీధివీధీ తిరిగి గొంతు పోగొట్టుకున్న మనిషి పరువు సంగతి? పోయి సొరచెట్టు కింద కూచుని అలిగాడు. ఎందుకలగడు? ఈ మాట అన్నందుకు కాశా ఎష్షాయా నన్ను చాలాసార్లు మందలించాడు. పూజారి కాబట్టి ఊరుకున్నాను గానీ నా అభిప్రాయం మారలేదు. ఇంతకీ, యోనా దగ్గర్నుంచి నేను తిరిగొచ్చేసరికి రోట్లో అక్రోట్లు నూనె కక్కేశాయి.

నువ్వు చేసే ఉండలు ముతకగా మట్టిరంగులో ఉంటాయి. నావి పెళ్ళికొడుకు బూట్లలా మెరిశాయి. దాచడమెందుకు, గర్వపడ్డాను.

బుధవారం పళ్ళెం పట్టుకుని చర్చి వసారాలోకి అడుగు పెట్టానో లేదో, శూషన్ పైనున్న గుడ్డ ఎత్తింది.

"బావగారూ, ఇంత నిగనిగ ఏమిటి?"

"పనితనం."

"పనితనమా, వెన్నా? చేతికి అంటుకుంటోందని రాసుకున్నట్టున్నారే! అయ్యో, ఉపవాసం రోజున వెన్నా!"

వెన్న, వెన్న అంటూ ఆ మాట వసారా ఈ చివరినుంచి ఆ చివరికి పాకింది. కాశా ఎష్షాయా బయటికొచ్చాడు. అది అక్రోట్ల నూనె అని నేను మొత్తుకున్నాను. "రుచి చూస్తే తేలిపోతుంది కదా" అన్నాడు. ఎవరు చూడాలి? ఆయనకీ ఉపవాసమే, ఆడవాళ్ళకీ ఉపవాసమే, నాకూ ఉపవాసమే. ఉపవాసం లేనివాళ్ళు చంటిపిల్లలు, వాళ్ళకి పళ్ళు లేవు.

అప్పుడే మన బొగ్గుల మష్దీ అస్కర్ గేటు దగ్గర బస్తాలు దించుతున్నాడు. "నేను మీ మతం వాణ్ణి కాదు, నాకు ఉపవాసమూ లేదు, తగువూ లేదు. ఇటు తెండి" అన్నాడు. చేతులు కోటుకి తుడుచుకుని ఒక ఉండ నోట్లో వేసుకున్నాడు. కళ్ళు మూసుకున్నాడు. నావైపు తిరిగి, నా పరువు తనే నిలబెడుతున్నట్టు గట్టిగా అన్నాడు.

"అబ్బా, అవ్షాలిం అన్నా! ఎంత కమ్మగా ఉంది! మా అమ్మ చేసినట్టే! ఇందులో తక్కువలో తక్కువ చారెడు వెన్న పడుంటుంది!"

ఇక చూడు గోల!

"పొగిడానయ్యా నేను!" అంటాడు అస్కర్.

"నీ పొగడ్త పాడుగాను! వెళ్ళి బొగ్గులు దించుకో!"

శూషన్ తలగుడ్డ సర్దుకుని, "విన్నారుగా కాశా, బయటిమనిషే చెప్పాడు. నాకేం సంతోషమా? అనుకోకుండా మా ఇంట్లో ఒక పళ్ళెం సిద్ధంగా ఉంది" అంది.

అనుకోకుండానట! అల్మాస్, ముందురోజంతా గోడ అవతల ఆవిడ రోటి చప్పుడు నేను వింటూనే ఉన్నాను.

కాశా నా భుజం మీద చెయ్యేసి, "ఈ ఏడాదికి పక్కన పెడదాం, పెద్దాయనా" అన్నాడు. ఆ మెత్తదనం శూషన్ మాటకంటే ఎక్కువ మండించింది నన్ను.

పళ్ళెం నిలబడింది. మన పళ్ళెమే లోపలికి వెళ్ళింది, పూజయ్యాక ఖాళీగా తిరిగొచ్చింది, అస్కర్ గాడిద బండి దగ్గర నిలబడి రెండోది కూడా అడిగి తిన్నాడు. ఎలా నిలబడిందంటే... ఆ శాలువా అంచు కాస్త చిమట కొట్టింది, చూసుకో. ఇక దాటవేయడానికి ఏమీ దొరకడం లేదు, రాసేస్తున్నాను.

నేనొక ఉండ తీసి నోట్లో వేసుకున్నాను. అందరూ చూస్తుండగా నమిలి మింగాను.

"ఇదుగో, ఉపవాసం ఉన్నవాడొకడు రుచి చూశాడు. పుట్టి బుద్ధెరిగినప్పటినుంచీ గొర్రెల పాలు చిలికిన ఇంటివాణ్ణి, వెన్న రుచి నాకు తెలియదా? ఇందులో వెన్న లేదు. అబద్ధం చెప్పాలనుకునేవాడు ఉపవాసం చెడగొట్టుకుని మరీ చెబుతాడా?"

కాశా పళ్ళెం అందుకుని లోపలికి నడిచాడు. శూషన్ మాత్రం పాలిపోయి, "బావగారూ, అది అక్క కోసం పట్టిన ఉపవాసం కదా" అంది, నాకొక్కడికే వినపడేలా.

అదీ సంగతి. పళ్ళెం నిలబెట్టమన్నావు, నిలబెట్టాను. నీ ప్రాణం కోసం పట్టిన ఉపవాసం ఇంకాసేపట్లో ముగుస్తుందనగా తెంచేసుకున్నాను. మీ చిన్నాన్న కూతురు ఆసుపత్రికొచ్చి తన సొంత కల్పనలతో చెప్పకముందే నా చేత్తో నేను చెప్పాలని ఇది రాయడం.

ఊరుకోలేదు. మర్నాటినుంచి మళ్ళీ మొదలుపెట్టాను. పగలు నీళ్ళు, పొద్దుగూకాక రొట్టెముక్క. కాశా వచ్చి, "క్యాలెండరులో ఇలాంటి ఉపవాసం లేదు" అన్నాడు. "నీనెవె వాళ్ళు ఏ క్యాలెండరు చూసి ఏడ్చారు కాశా?" అన్నాను. వెళ్ళిపోయాడు. ఈరోజుతో మూడు రోజులూ పూర్తవుతాయి. అక్షరాలు వంకరగా ఉన్నాయంటే కారణం అదే, నాకేదో జబ్బనుకోకు.

పొద్దున్నే శూషన్ వచ్చింది. గుమ్మంలోనే గోడకానుకుని కూలబడింది. ఎగతాళికి వచ్చిందనుకుని ఒక మాట సిద్ధం చేసుకున్నాను కూడా.

"టీ పెట్టనా?" అన్నాను.

"వద్దు."

"రొట్టె?"

"వద్దంటున్నానా!"

అప్పటికి గానీ నాకు అర్థం కాలేదు. "ఎప్పట్నుంచి?" అని అడిగాను.

"మీరెప్పట్నుంచో నేనూ అప్పట్నుంచే. అక్కకి రాయకండి."

"రాస్తాను."

గడ్డం పైకెత్తింది. "రాసేట్టయితే సరిగా రాయండి. బుధవారం పూజయ్యాక అందరూ తింటుంటే నేనసలు ఏమీ ముట్టలేదు. మీకంటే ఒక పూట ముందే మొదలుపెట్టాను."

విన్నావా! ఈ విషయంలో కూడా నన్ను ముందు నడవనివ్వదు! సోమవారం నిన్ను బల్ల మీద పడుకోబెట్టినప్పుడు మా ఇద్దరినీ తలుచుకో. ముందు నన్ను.

ఇట్లు,
నీ మీద తప్ప అందరి మీదా కోపంగా ఉన్న
నీ భర్త
అవ్షాలిం