ఏనుగులకు కట్టిన అంటు

ముసునూరు,
జూలై నెలాఖరు, సోమవారం.

చిరంజీవి ప్రసన్నకు నాన్న దీవించి రాస్తున్నది.

మూడు రోజులుగా ఇక్కడ ముసురు. పొద్దున కాస్త తెరిపిస్తే దశరథరామయ్య గారి మామిడితోటలో ఎండుకొమ్మలు, గుబురుకొమ్మలు కోశాం. కాపు అయిపోయింది కాబట్టి ఇప్పుడు అదే పని. మేం బాగున్నాం. వానకి మీ అమ్మ మోకాలు సలుపుతోంది, అయినా కూర్చోమంటే కూర్చోదు. మీ ఫారెస్టు క్యాంపులో వంటమనిషి మారాడన్నావు. కొత్తవాడు ఎలా వండుతున్నాడో రాయి. వేళకి తిను.

ఏనుగులు కొమ్మలు విరిచేస్తుంటే ఫారెస్టు వాళ్లు ఊరుకుంటారా అని పోయినసారి అడిగాను. విరిగిన చోట ఎండ నేల మీద పడుతుందని, గడ్డి లేస్తుందని, ఆ గడ్డికి జింకలు వస్తాయని జవాబు రాశావు. ఇవాళ కొమ్మ కోస్తూ అదే అనుకున్నాను. మేం కోసేదీ వెలుతురు కోసమే. ఏనుగులు ఎండిన వాగులో ఇసుక తవ్వి నీళ్లు తీస్తే, అవి వెళ్లాక మిగతా జంతువులు తాగుతాయన్న సంగతి నాతో కొమ్మలు కోసే వీరయ్యకి చెప్పాను.

"మనోళ్లు బోరేస్తే పక్క చేనుకి చుక్క ఇవ్వరు బాబాయ్. ఏనుగే నయం" అన్నాడు.

మొక్కల సంగతి అడిగావు. నిరుడు సెలవుకి వచ్చినప్పుడు నువ్వు ఏనుగు లద్దెలోంచి ఏరిన నలభై కొండమామిడి టెంకలు గోనెసంచిలో తెచ్చావు. పక్కింటి సుబ్బరత్నమ్మ ముక్కు మూసుకుని, "డిగ్రీ చదివించింది ఇందుకా ఆంజనేయులూ? పిల్ల పేడ మోసుకొచ్చింది!" అంది. వాటిలో ముప్పై నాలుగు మొలిచాయి. నర్సరీలో మేం పాతిన టెంకల కంటే వారం ముందే మొలిచాయి. ఏనుగు కడుపులోంచి వచ్చింది త్వరగా మొలుస్తుందన్నావు. నేను నమ్మలేదు. ఇప్పుడు నమ్ముతున్నాను.

నీ ఉత్తరం వచ్చి నెల అయింది. జవాబు ఎందుకు ఆలస్యమైందో ఇప్పుడు రాస్తాను. కోపం తెచ్చుకోకుండా చివరిదాకా చదువు.

ఆ ముప్పై నాలుగింటికీ నేను చిన్నరసం అంటు కట్టేశాను.

అలాగే పెంచు నాన్నా, ఏమీ చెయ్యకు అని నువ్వు రెండుసార్లు చెప్పావు. విన్నాను. జూన్ మొదట్లో తొలకరి పడిన రోజు పని లేదు. నర్సరీలో మంచి చిన్నరసం అంటుపుల్లలు మిగిలితే తెచ్చుకున్నాను. పెరట్లో నీ మొక్కలు పెన్సిలు లావున తయారై ఉన్నాయి. ముప్పై ఏళ్లుగా ఆ లావు మొక్క కనబడితే నేను చేసే పని ఒక్కటే. ఏనుగులు మాత్రం ఎప్పుడూ పుల్లకాయలే ఎందుకు తినాలి అని కూడా అనుకున్నాను. నాలుగేళ్లకి కాస్తే నువ్వు సంబరపడతావనుకున్నాను.

మీ అమ్మ చూసి, "ఏవయ్యా, ఏనుగులొచ్చి అడిగాయా నిన్ను?" అంది. నవ్వి, తర్వాతి మొక్క అందుకున్నాను.

తర్వాత నీ ఉత్తరం వచ్చింది. కొండకింద ఊళ్లో తోటకి ఏనుగులు దిగి, కాపలా ఉన్న ముసలాయన్ని తొక్కేశాయని రాశావు. తీపి కాయ మరిగిన గుంపు అడవి కాయ ముట్టదని, వాటి మేత కొండ మీదే ఉంటే కిందికి రావని, కార్చిచ్చుకి కాలిపోయిన కొండమామిళ్ల చోట ఈ మొక్కలు పెట్టేది అందుకేనని రాశావు. అది చదివాక నా అంటు ఎవరి ఇంటి మీదికి ఏనుగుల్ని తోలుకొస్తుందోనని భయం పట్టుకుంది.

మర్నాడే కత్తి తీసుకుని, అంటు కట్టిన చోటికి కింద కోసేశాను. అప్పటికే ముప్పై నాలుగు అంట్లూ పట్టుకున్నాయి ప్రసన్నా, ఒక్కటి కూడా చావలేదు. నా చేతి మీద అంత బాగా పట్టిన విడత ఎప్పుడూ లేదు. ఒకదాన్ని కొయ్యలేకపోయాను. అది మన పెరట్లోనే ఉంటుంది, కొండెక్కదు. కోసినవాటిలో రెండు ఎండిపోయాయి. మిగతా ముప్పై ఒకటీ కింది కణుపుల్లో సొంత చిగురు వేశాయి. ఆ చిగురు వస్తుందో రాదో తెలియకుండా నీకు ఏం రాయను? అందుకే ఇన్నాళ్లు ఆగాను. మూరెడు ఉండాల్సిన మొక్కలు జానెడే ఉన్నాయి. మీ రేంజరు గారు అడిగితే మా నాన్న చేసిన తప్పు అని చెప్పు. చిన్నరసం చిగురు ఎక్కడా మిగల్లేదని ఒక్కొక్కటీ రెండుసార్లు చూశాను. అయినా నా మాట మీద వదిలెయ్యకుండా నువ్వూ చూసి నాటు.

మొక్కలతో మీ అమ్మ వస్తోంది. విజయనగరం దాకా నర్సరీ వ్యాను ఉంది, అక్కడి నుంచి బస్సు. నేనే రావాలి. కానీ నీ ఎదురుగా నిలబడి ఇది చెప్పలేను. అమ్మ చెప్పకముందు నీకు నా నుంచే తెలియాలి. అందుకని సుబ్బరత్నమ్మ మనవరాలు దివ్య చేత ఈ కాగితం ఫోటో తీయించి పంపిస్తున్నాను. క్యాంపు నుంచి కిందికి దిగి, సిగ్నల్ వచ్చినప్పుడు చూస్తావు.

ఏనుగులు ఎదురైతే గాలి ఎటు వీస్తోందో చూసుకుని తప్పుకో. నీకు తెలియనిది కాదు, అయినా రాస్తున్నాను.

ఇట్లు,
మీ నాన్న

మంగళవారం. మీ అమ్మ, వ్యాను డ్రైవర్ అనిల్ మొక్కలతో పొద్దున ఐదూ ఇరవైకి బయల్దేరారు.