నేను చెరిపేసిన తొమ్మిది ఫైళ్ళు

రియో,
22 నవంబరు 1987

అమ్మా,

ముందు నీ దీవెన కావాలి. నాకు ఒంట్లో బాగానే ఉంది, వేళకు తింటున్నాను. నీ మోకాలి నొప్పి తగ్గిందని అత్త ఫోనులో చెప్పాక మనసు కుదుటపడింది. నువ్వు బస్సులో పంపిన చీజ్ చేరింది. సగం ఆఫీసులోనే అయిపోయింది. "మీ అమ్మ మినాస్ నుంచి చీజ్ పంపినంతకాలం నువ్వీ కంపెనీ మానడానికి వీల్లేదు" అని నాతో పనిచేసే వాల్దెసిర్ ఆజ్ఞ. ఆదివారం చర్చిలో పూజకు వెళ్తున్నావా అని అడిగావు. వెళ్తున్నాను, ప్రతి ఆదివారమా అని మాత్రం అడక్కు.

కంపైలర్ అంటే ఏమిటో నీకర్థమయ్యేలా చెప్పమన్నావు. మేం ఆపరేటింగ్ సిస్టమ్, అంటే కంప్యూటర్ మొత్తాన్నీ నడిపించే పెద్ద ప్రోగ్రామ్, రాస్తున్నాం కదా. దాన్ని సీ అనే భాషలో రాస్తాం. ఆ భాష యంత్రానికి రాదు. యంత్రానికి తెలిసేలా దాన్ని మార్చిపెట్టేదే కంపైలర్. అది ఒక్కచోట పొరబడిందంటే మేమెంత ఒప్పుగా రాసినా దండగే.

అందుకే ఏ కంపైలర్ వాడాలో తేల్చడానికి డోనా ఇరాసి మూడు నెలలు తీసుకుంది. ఆమె మా అందరికీ పెద్ద, ఇరవై ఏళ్ళు లెక్కల టీచరుగా చేసి వచ్చిన మనిషి. ఒక విదేశీ కంపైలర్ మంచి వేగంగా ఉంది. ఇంకొకటి ఏదో విశ్వవిద్యాలయం నుంచి టేపు మీద వచ్చింది. రెంటికీ ఒకే ప్రోగ్రామ్ ఇచ్చి, అవి తయారుచేసినదంతా అచ్చు తీయించి, కిటికీ దగ్గర కూర్చుని పెన్సిల్‌తో వరుస వరుసా చదివింది. అంత ఓపికగా చదివే మనిషిని నేను మరొకరిని చూడలేదమ్మా. మొదటిదాన్ని విప్పి చూడనివ్వరు. రెండోదాన్ని మార్చుకోవడానికి లైసెన్సు ఒప్పుకోదు.

"చెడిపోతే విప్పి చూసుకోలేనిదాన్ని ఇంట్లో పెట్టుకోను," అంది. "చిన్నదైనా సరే, మనదే రాద్దాం. తప్పులు వెతికే డీబగ్గరు కూడా మనదే."

"అంతలో ముసలివాళ్ళమైపోతాం, డోనా ఇరాసి," అన్నాడు వాల్దెసిర్.

"నాకా భయం లేదు నాయనా. నేనెప్పుడో అయ్యాను."

ఇక్కడొక కట్టుబాటుంది. మన దేశపుది అని చెప్పుకునే సిస్టమ్‌లో విదేశీ కోడ్ ఒక్క వరుస కూడా ఉండకూడదు. ఉంటే ప్రభుత్వ పరీక్షకులు మా పదకొండు మంది పనినీ కొట్టేస్తారు. కాబట్టి విదేశీ సిస్టమ్ లోపలి కోడ్ ఎప్పుడైనా చదివినవాళ్ళు నాలుగో అంతస్తులో కూర్చుని, ఏది ఏం చేయాలో మాటల్లో రాసిస్తారు. చదవనివాళ్ళు ఐదో అంతస్తులో కోడ్ రాస్తారు. భోజనానికి మాత్రం అందరికీ ఒకే బల్ల, అక్కడ ఫుట్‌బాల్ తప్ప మరో మాట ఉండకూడదు. "పాపం చేసినవాళ్ళొచ్చారు, బీన్స్ గిన్నె ఇటు జరపండి" అని ఐదో అంతస్తువాళ్ళు ఏడిపిస్తుంటారు.

ఇంతవరకూ నీకు రాసినవన్నీ నిజాలే. రాయకుండా దాచింది ఒకటుంది.

కంపైలర్‌లో చివరి భాగం, యంత్రపు ఆదేశాలు తయారుచేసేది, నాకిచ్చారు. నాలుగు నెలల్లో తొమ్మిది ఫైళ్ళు రాశాను. జూన్‌లో డోనా ఇరాసి వాటిని చదువుతూ ఒకచోట పెన్సిల్ ఆపింది. "ఇది చాలా అందంగా ఉంది మారిల్డా. ఎలా తట్టింది నీకు?" అంది. ఆమె నోట అందం అనే మాట విన్నవాళ్ళు లేరు. అది నాకు తట్టింది కాదమ్మా. కంపీనాస్‌లో చదివేటప్పుడు ఒక విదేశీ సిస్టమ్ కోడ్ జిరాక్సు కాపీ మా హాస్టల్లో చేతులు మారుతుండేది. ఒక సెమిస్టరంతా దాన్ని చదివాను. ఇక్కడ చేరేటప్పుడు 'చదవలేదు' అని సంతకం పెట్టాను. చదివానంటే కోడ్ రాయనివ్వరు కదా. అంతా మర్చిపోయాననే అనుకున్నాను, కానీ చేతికి గుర్తుంది. రెండు రోజులు ఆ ఫైళ్ళే తిప్పి తిప్పి చదివాను. మూడో రోజు ఆమె గదికి వెళ్ళి చెప్పేశాను.

"ఇంకెవరికైనా తెలుసా?" అంది.

"ఎవరికీ తెలీదు."

"నువ్వు నోరు మెదపకపోతే నాకూ తెలిసేది కాదు."

"అవునండీ."

కళ్ళజోడు తీసి తుడిచింది. "నీ మీద కోపం లేదని చెప్పను. ఎన్ని ఫైళ్ళు?"

"తొమ్మిది."

"నీ చేత్తోనే చెరిపెయ్. టేపుల్లో దాచిన నకళ్ళు కూడా. తర్వాత కిందికెళ్ళి, అవి ఏం చేయాలో కాగితం మీద రాయి. ఎలా చేయాలో ఒక్క ముక్క రాయొద్దు."

ఉద్యోగం పోయిందనే అనుకున్నాను. ఆమె నాలుగో అంతస్తులో నాకు కుర్చీ వేయించింది. పరీక్షకులు అడక్కముందే నా సంగతి తనే వాళ్ళకు రాసి పంపింది. చేర్చుకునేటప్పుడు గట్టిగా అడగకపోవడం తన తప్పని అందులో రాసింది. అటువంటి మనిషి దగ్గర పనిచేస్తున్నాను, నువ్వు దిగులు పడకు.

నేను రాసిచ్చిన కాగితాలు పెట్టుకుని వాల్దెసిర్ ఏడు వారాలు కూర్చుని ఆ భాగం మొదటినుంచీ రాశాడు. మెట్ల మీద ఎదురుపడితే గోల్‌కీపర్‌ని తిట్టేవాడే తప్ప పని గురించి నన్నొక్క మాట అడగలేదు. చివరి పరీక్ష ఏమిటంటే, కంపైలర్‌తో దాన్నే మళ్ళీ తయారుచేయించి, అలా వచ్చినదానితో ఇంకోసారి తయారుచేయించాలి. రెండూ పొల్లుపోకుండా ఒకటైతేనే నమ్మకం. అక్టోబరులో ఒక గురువారం ఒకటయ్యాయి. పైవాళ్ళ చప్పట్లు కిందికి వినబడ్డాయి, నేనూ కొట్టాను. నేను రాసింది ఇంకాస్త వేగంగా ఉండేది. ఆ మాట నీకు తప్ప ఎవరికీ చెప్పను. పరీక్షకులు మూడు రోజులు వెతికి మొన్న ఆమోదించారు.

కంపైలర్ మా మారిల్డా రాసిందేనని వీధంతా చెప్పానని రాశావు. ఆ మాట వెనక్కి తీసుకోమ్మా. అందులో నేను రాసింది ఒక్క వరుస కూడా లేదు. లేదు గనకే అది నిలిచింది. అడిగినవాళ్ళకు అలాగే చెప్పు. తలవంచుకుని మాత్రం చెప్పకు.

ఇట్లు
నీ పెద్ద కూతురు
మారిల్డా