ముందు చక్రం ఒట్టు

సిర్గాపూర్,
శుక్రవారం

నారాయణఖేడ్ డిపో వెనక గల్లీలో ఉండే స్తెఫనుకు,

సిర్గాపూర్ నుంచి సంగమేశ్వర్ రాసేది. ఇక్కడ నేనూ, ఇంద్రమ్మా, బర్రెలూ బాగున్నాం. నువ్వు బాగున్నావా అని అడగను. అడిగితే మాట్లాడినట్టవుతుందేమోనని భయం.

బోరంచ జాతరలో, గుడి ముందరి చాయ్ హోటల్లో జరిగింది నేను మరిచిపోలేదు. "బండి ముంగటి షాకప్స్‌ల ఆయిలు మార్చాలె" అని నువ్వన్నావు. "చక్రానికి ఆయిలేంది, మిర్చి బజ్జీలు ఏస్తవా?" అని నేనన్నాను. ముప్పై ఏళ్లు మోటర్ సైకిల్ నడిపి కూడా లోపల ఆయిలుంటుందని వీనికి తెలియదని నువ్వు హోటలంతా వినేట్టు చెప్పావు. అందరూ నవ్వారు. అందరికన్నా గట్టిగా నువ్వే నవ్వావు. అప్పుడే కదా నేను లేచి, పోచమ్మ గుడి దిక్కు తిరిగి, "ఈ బండి ముంగటి చక్రం భూమికి ఆనినన్ని దినాలు గీ స్తెఫనుతోని నోరిప్పి మాట్లాడ" అని ఒట్టు పెట్టుకున్నది. అమ్మవారితో పరాచికాలు ఆడలేం. అయితే నోరు విప్పనన్నాను గాని కలం ముట్టనని అనలేదు.

సంగతేమంటే, ఇప్పుడు బండి ఆపిన చోటల్లా ముందు చక్రం దగ్గర తడి అవుతోంది. గుంతలో పడితే చేతులు జివ్వుమంటున్నాయి. బ్రేకు వేస్తే బండి వంగి దండం పెడుతోంది. వేలితో తుడిచి చూశాను. నిజంగానే ఆయిలు. అది చక్రానికి అటూ ఇటూ ఉన్న ఆ షాకప్స్ గొట్టాల్లోకి ఎట్లా పోయింది? అక్కడ కూర్చుని ఏం చేస్తుంది? బండితో పాటే పుట్టిందా, ఎవరన్నా పోశారా? నాకు నిద్ర పడతలేదు. ఎట్లా మార్చాలో రాయి.

ఇట్లు,
నీతో మాట్లాడని,
సంగమేశ్వర్

తా.క.: ఇది క్షమాపణ కాదు. జవాబు మొగులయ్య ఆటోలో పంపు. ఫోన్ మాత్రం చేయకు. ఎత్తి "హలో" అన్నానంటే ఒట్టు మట్టిలో కలుస్తుంది.


నారాయణఖేడ్,
శనివారం

నాతో మాట్లాడని మిత్రుడు సంగమేశ్వర్‌కు,

ప్రభువు పేరిట వందనాలు. మా వేదంలో అసలు ఒట్టే పెట్టుకోవద్దని ఉంది. ఎందుకో నిన్ను చూశాక అర్థమైంది.

డిపోలో బస్సులకు మరమ్మతు చేసి రిటైరైనవాణ్ణి, నీ బండిని దాని పుట్టుక నుంచి చూస్తున్నవాణ్ణి, అందుకని చెబుతున్నాను. గొట్టాల్లో స్ప్రింగులుంటాయి. గుంతలో పడగానే స్ప్రింగు ఎగురుతుంది. చుట్టూ ఉన్న ఆయిలు సన్నటి బెజ్జాల్లోంచి మెల్లగా కదులుతూ దాన్ని ఎక్కువ ఎగరనీయదు. నీకు అర్థమయ్యేట్టు చెప్పాలంటే స్ప్రింగువి నువ్వు, ఆయిలు మా ఇంద్రమ్మ వదిన.

అన్నిటికన్నా ముందు బండికి నడిమి స్టాండు వేసి, ఇంజను కింద ఒక రాయి పెట్టి, ముందు చక్రం గాల్లోకి లేపు. ఆ తర్వాత గొట్టాల కింద ఉన్న చిన్న మరలు తీస్తే పాత ఆయిలు కారిపోతుంది. పైన ఉన్న మూతలు మెల్లగా విప్పి కొత్తది పోయాలి. రెండు వైపులా ఒక్క తీరుగా పడాలి, లేకపోతే బండి కుంటుతుంది. కొలవడానికి పసిపిల్లల పాలసీసా కొను, దాని మీద గీతలుంటాయి. నూట యాభై గీత దాకా ఒక్కో వైపు. కారడం ఆగాలంటే లోపలి రబ్బరు సీళ్లు కూడా మార్చాలి. అది నీ వల్ల కాదు, తర్వాత చూద్దాం. ఆయిలు డబ్బా మొగులయ్యకు ఇచ్చి పంపుతున్నాను.

నా గొంతు ఈ మధ్య బొంగురుపోయింది. ఇల్లు ప్రశాంతంగా ఉందని మా ఇంటామె హన్నమ్మ సంతోషిస్తోంది.

ఇట్లు,
నవ్వు ఇంకా ఆగని,
స్తెఫను

తా.క.: చక్రం లేపు. నేలకు ఆనకూడదు. రెండుసార్లు ఎందుకు రాశానో కాస్త ఆలోచించు.


సిర్గాపూర్,
మంగళవారం

స్తెఫనుకు,

ఉత్తరం, డబ్బా రెండూ అందాయి. స్ప్రింగు ముక్క ఇంద్రమ్మకు చదివి వినిపించాను. నీకు దండాలు చెప్పమంది.

చక్రం లేపే పని మాత్రం పక్కన పెట్టాను. లేపకుండా చేస్తే ఏమవుతుందో చూద్దామనిపించింది. బడిలో నా పక్కన కూర్చున్నవాడివి, ఈ రోగం నీకు కొత్త కాదు. కింది మరలు తీసి, బ్రేకు పట్టి బండిని వత్తాను. నల్లగా బురదలా వచ్చింది. ఇన్నేళ్లూ నా రెండు చేతుల కింద ఇది ఉండి కూడా ఒక్క మాట చెప్పలేదే అనిపించింది. పారబోయ బుద్ధి కాక గాజు గ్లాసులో పోసి కిటికీలో పెట్టాను. ఒకటే చేప వాసన. ఆయిలులో చేప వాసన ఎక్కడిది?

మా ఇంట్లో నీచు వండరని తెలుసు కదా. పొలం నుంచి వచ్చిన ఇంద్రమ్మ గడపలోనే నిలబడిపోయింది.

"స్తెఫను ఇంట్ల తిన్నవా?" అంది.

"వానితోని మాట బందు గద" అన్నాను.

"తినెటందుకు మాటలెందుకు?" అంది.

ఆ మంట ఆరకముందే పాలసీసా పెద్ద చిచ్చు పెట్టింది. మందుల దుకాణంలో మన ఊరి నాగయ్య ఉన్నాడు. సీసా ఎవరికని అడిగాడు. బండికని చెప్పాను. అబద్ధమైతే నమ్మేవాడేమో, నిజం కాబట్టి నమ్మలేదు. పొద్దు గుంకకముందే పక్కింటి వినోద మెత్తటి పాత చీరలు తెచ్చి ఇంద్రమ్మ చేతిలో పెట్టి, "గీ వయసుల జర పైలం అక్కా" అని కడుపు దిక్కు చూసింది. అప్పటి నుంచి ఇంద్రమ్మ నాతో మాట్లాడటం లేదు. ఆమెకు ఒట్టు కూడా అక్కర్లేకపోయింది.

ఆ పరేషాన్‌లో పై మూత విప్పాను. సగం విప్పానో లేదో ఠప్పున ఎగిరి కొట్టం రేకుకు తగిలింది. స్ప్రింగు తల బయట పెట్టింది, బండి మోకాళ్ల మీద కూలబడింది. రెండో మూత ఇంకా ముట్టలేదు. ఇట్లా ఎందుకైంది?

ఇట్లు,
ఇంట్లో కూడా మాట లేని,
సంగమేశ్వర్

తా.క.: మూత ఎగిరినప్పుడు చూసిన బర్రె ఈ రోజు పాలివ్వలేదు. దానికి కూడా ఆయిలు మార్చాలా?


నారాయణఖేడ్,
బుధవారం

మిత్రమా,

మూత నీ నెత్తికి కాక రేకుకు తగిలినందుకు దేవునికి స్తోత్రం. బండి బరువంతా స్ప్రింగుల మీద ఉండగా మూత తీస్తే అట్లనే ఎగురుతుంది. చక్రం లేపమన్నది అందుకే. పాత ఆయిలు చెడిపోతే చేప వాసన వస్తుంది. ఎందుకంటే నాకూ తెలియదు. ఇన్నేళ్లు డిపోలో పనిచేసినా అడగాలని తోచలేదు. నీకు ఒక్క పూటలో తోచింది.

ఒక సంగతి రాయాలా వద్దా అని రెండు కాగితాలు చింపాను. కోమల నన్ను హైదరాబాద్ దవాఖానకు తీసుకుపోయింది. తెలుసు కదా, నా బిడ్డ పట్టుబట్టిందంటే వదలదు. గొంతులో చిన్న గడ్డ ఉందట. భయపడేదేం కాదన్నాడు డాక్టరు, కాని వచ్చే సోమవారం తీసేస్తాడు. తర్వాత నెల రోజులు నోరు మెదపకూడదు. ఆ తర్వాత వచ్చేది పాత గొంతో కాదో ఇప్పుడే చెప్పలేనన్నాడు.

చర్చిలో పాట ఇంకెవరన్నా పాడతారు, దానికి నాకు బాధ లేదు. నీతో నాలుగు మాటలు మాట్లాడకుండా ఆ ఆపరేషన్ బల్ల మీద పడుకోవాలంటేనే మనసొప్పడం లేదు. అంతే.

చక్రం లేపు సంగమేశ్వర్. ఈసారి ఎందుకని అడగకు.

ఇట్లు,
స్తెఫను

తా.క.: అడగకుండా ఉండలేవని తెలుసు. బోరంచలో ఏమని ఒట్టు పెట్టుకున్నావో ఒక్క మాట పొల్లు పోకుండా ఇంద్రమ్మ వదినను అడుగు. ఆమె మాట్లాడకపోతే ఆమెకు కూడా ఒక ఉత్తరం రాయి.


సిర్గాపూర్,
శనివారం

స్తెఫనూ,

ఇంద్రమ్మకు ఉత్తరం రాయాల్సిన పని పడలేదు. నీ గొంతు సంగతి చదివి వినిపించగానే నోరు తెరిచింది. నా ఒట్టును నాకే అప్పజెప్పి, "ఒట్టు తీసి గట్టున వెట్టుమంటే వినకపోతివి. బండినన్న తీసి రాయి మీద వెట్టరాదా?" అంది.

నీ ఉత్తరాలు మళ్లీ తీసి చదివాను. మొదటి ఉత్తరం నుంచీ నువ్వు చెబుతున్నది ఇదా! గొట్టాల గురించి, చేప గురించి, బర్రె గురించి కూడా ఎందుకని అడిగినవాణ్ణి, దీని గురించి ఆలోచించలేకపోయాను.

ఇద్దరం కలిసి బండిని లేపాం. చక్రం కింద అరచేయి పెట్టి అటూ ఇటూ జరిపి చూశాను. ఎక్కడా ఆనడం లేదు. చేత్తో తోస్తే గాల్లో తిరుగుతూనే ఉంది. బోరంచ దిక్కు తిరిగి గట్టిగా "స్తెఫనూ" అని పిలిచాను. నాకేం కాలేదు. బర్రె తలెత్తి చూసింది.

ఇప్పుడు ఫోన్ చేయొచ్చు. కాని ఇన్నాళ్లకు నోరు తెరిస్తే సిగ్నలు పోయి మధ్యలో తెగితే నేను తట్టుకోలేను. రేపు మొగులయ్య ఆటోను ఖాళీగా పంపుతున్నాను. ఎక్కి వచ్చేయి.

ఇట్లు,
నోరు తెరుచుకుని కూర్చున్న,
సంగమేశ్వర్

తా.క.: ఇంజను కింద పెట్టింది ఇంద్రమ్మ విసుర్రాయి. పప్పు విసరాలంటోంది. జల్దీ రా.


సిర్గాపూర్,
నీ వాకిట్లో, నీ పక్కనే

ఇంకా మాట్లాడుతూనే ఉన్న సంగమేశ్వర్‌కు,

వందనాలు. నేను నీ మంచం ఈ కొసన కూర్చున్నాను. ఈ ఉత్తరానికి మొగులయ్య అక్కర్లేదు, చేయి చాపితే నీకందుతుంది. అయినా రాయక తప్పడం లేదు. ఆపరేషన్ అయి వారం కాలేదు, డాక్టరు నా నోరు కట్టేశాడు, నువ్వేమో ఊపిరి కూడా పీల్చుకోవడం లేదు.

ఆపరేషన్ ముందు రోజు మొగులయ్య ఆటోలో వస్తూ, నీకు చెప్పాలనుకున్న నాలుగు మాటలు దారి పొడుగునా కూర్చుకున్నాను. నేను ఆటో దిగకముందే నువ్వు మొదలుపెట్టావు. మూత ఎగరడం, వినోద చీరలు తేవడం, బర్రె అలగడం, అన్నీ ఉత్తరాల్లో రాసినవే, మళ్లీ మొదటి నుంచి. చీకటి పడింది. నా నాలుగు మాటల్లో ఒక్కటి కూడా బయటికి రాలేదు. తిరిగి పోయేటప్పుడు మొగులయ్య "మాట్లాడుకున్నరా?" అని అడిగాడు. "మస్తు మాట్లాడుకున్నం" అన్నాను.

మరునాడు బల్ల మీద పడుకున్నప్పుడు చెవుల్లో నీ వాగుడే ఉంది. భయం వేయలేదు. నేను నీ దగ్గరికి వచ్చింది చెప్పడానికి కాదు, వినడానికే అని అప్పుడు తెలిసింది.

గొంతు ఎట్లా తిరిగి వస్తుందో తెలియదు. ఎట్లా వచ్చినా నువ్వు సందు ఇవ్వవు కాబట్టి నీకు తేడా తెలియదు.

ఇగ పని మాట. సీళ్లు నా జేబులో ఉన్నాయి. కొలిచిన ఆయిలు ఇంకా పాలసీసాలోనే ఉంది. నువ్వెందుకు పోయలేదో నాకు తెలుసు. పోస్తే పనైపోతుంది, పనైపోతే చక్రం దించాలి, దించితే నువ్వూ మూగ, నేనూ మూగ. ఇద్దరి తరఫునా వదిన ఒక్కతే మాట్లాడాలి.

ఇట్లు,
వింటున్న,
స్తెఫను

తా.క.: వదిన ఇప్పుడే నీ వెనక నిలబడి, పప్పు గంప చంకన పెట్టుకుని, విసుర్రాయి వైపు చూపించి "తియ్యాల్నా?" అని సైగ చేసింది. వద్దని చేయి ఊపాను. ఇంకాసేపు మాట్లాడనీ.