వరుస చివర కెప్టెన్

పార్సిప్పనీ, న్యూజెర్సీ.

మన తెలుగు సమాఖ్య అధ్యక్షులు శ్రీ కృష్ణమోహన్ గారి సముఖమునకు,

విషయం: వార్షికోత్సవ నాటకంలో కెప్టెన్ భోజనం చేసే రంగాన్ని తొలగించరాదని కోరుట గురించి.

అయ్యా,

సమాఖ్య నిబంధనావళి ప్రకారం సభ్యుల విన్నపాలు తెలుగులో కూడా స్వీకరించబడును. ఆ నిబంధనను ఇంతవరకు ఎవరూ వాడుకోలేదని కార్యాలయం వారు తెలిపినారు. నేను వాడుకొనుచున్నాను.

వసుమతి అను నేను, పగలు ఉద్యోగం చేసుకొంటూ, నలభై దాటిన తరువాత రాత్రి తరగతులలో చదివి, చరిత్రలో పట్టా పొందినదానను. ఇది గొప్ప కొరకు కాదు. నాటకంలోని ప్రతి సంగతికీ బాధ్యత నాదేనని తెలియజేయుటకు.

1. అమెరికాకు రెండువందల యాభై ఏళ్లు నిండిన సందర్భంగా పిల్లల చేత ఒక చారిత్రక నాటకం వేయించమని సమాఖ్యయే నన్ను కోరినది. నేను కెప్టెన్ నథానియల్ హార్విక్ జీవితాన్ని ఎంచుకొన్నాను. ఆయన పద్దెనిమిదవ శతాబ్దపు నౌకాధికారి. చిన్నతనంలోనే ఓడ వంటగదిలో గిన్నెలు తోముతూ సముద్రం మీదికి వెళ్లినాడు. స్వాతంత్ర్య యుద్ధకాలంలో ఒక చిన్న యుద్ధనౌకకు అధిపతి అయినాడు. ఆయన గెలిచిన పోరాటాలు చెప్పుకోదగినవి కావు. ఒకటి ఓడినాడు కూడా. ఆయన చేసిన గొప్ప పని వేరు. అధికారులకు మంచి మాంసం, నావికులకు పురుగు పట్టిన రొట్టె అను పద్ధతిని రద్దు చేసి, ఓడలో అందరికీ ఒకే కుండ పెట్టించినాడు. కొరడా దెబ్బలు మాన్పించినాడు. రోజూ నావికులందరూ వడ్డించుకొన్న తరువాత, తన గిన్నె తానే పట్టుకొని వరుస చివర నిలబడేవాడు.

2. క్రమశిక్షణ చెడగొట్టినాడని పై అధికారులు ఆయనను ఓడ నుంచి దింపి, ఏళ్ల తరబడి ఒడ్డున కూర్చోబెట్టినారు. చివర నిలబడుట తన పొరపాటని ఒక్క వాక్యం వ్రాసి ఇచ్చినచో ఓడ తిరిగి ఇచ్చెదమన్నారు. ఆయన వ్రాయలేదు. గత్యంతరం లేక చివరికి వారే ఇచ్చినారు. ఆయన మళ్లీ వెళ్లి వరుస చివరే నిలబడినాడు.

3. గత ఆదివారం గ్రంథాలయం హాలులో జరిగిన రిహార్సల్‌కు సాంస్కృతిక కార్యదర్శి శ్యామ్‌సుందర్ గారు విచ్చేసినారు. నన్ను పక్కకు పిలిచి మాట్లాడినది యథాతథంగా మనవి చేయుచున్నాను.

"డ్రామా సూపరండీ వసుమతిగారూ. ఆ భోజనాల సీన్ ఒక్కటీ లేపేద్దాం."

"ఎందుకండీ?"

"ప్లాటినం స్పాన్సర్స్ ఫీలవుతారండీ."

"వాళ్లెవరూ ఆ ఓడలో లేరు కదండీ."

"అబ్బా, మీకు తెలీదా ఏంటి! దాని బదులు ఒక ఫైట్ పెట్టండి. కెప్టెన్ గుండు తగిలి పడిపోతాడు. ఫాగ్ మెషిన్ నేను అరేంజ్ చేస్తా."

అయ్యా, కెప్టెన్ గుండు తగిలి చావలేదు. వయసు మళ్లి, మంచం మీద, కోపంగానే చనిపోయినాడు. కావున ఫాగ్ మెషిన్ అవసరం లేదు.

4. స్పాన్సర్లు ఎందుకు నొచ్చుకొందురో నాకు తెలియును. తమకును తెలియును. ఉగాది నాడు దాతలకు, కార్యవర్గానికి శాటిన్ రిబ్బన్లు కట్టిన కుర్చీలు వేసి ముందుగా వడ్డించినారు. ఆఖరి నృత్యం చేసిన పిల్లలు మొహాన రంగుతో, కాళ్లకు గజ్జెలతో వచ్చేసరికి పులిహోర అయిపోయినది. అప్పడాలు, మజ్జిగ మిగిలినవి. మా నాటకంలో కెప్టెన్ వేషం వేయుచున్న ఇషిత ఆనాడు అప్పడాలు తిని ఇంటికి వెళ్లిన పిల్లలలో ఒకతె.

5. శ్యామ్‌సుందర్ గారు వెళ్లిన తరువాత ఇషిత నా వద్దకు వచ్చినది.

"ఆంటీ, నా సీన్ కట్ చేస్తారా?"

"లేదమ్మా."

"కెప్టెన్‌కి ఆకలి వేస్తది కదా. సో ఆ రోజు నాకు లంచ్ ఇవ్వొద్దని మామ్‌కి చెప్తా. యాక్టింగ్ రియల్‌గా వస్తది."

నావికుడి వేషంలో ఉన్న నీరజ్ అందుకొని, "నువ్వు ఉగాదికి ఆల్రెడీ ప్రాక్టీస్ చేశావ్ కదా!" అన్నాడు. పిల్లలందరూ నవ్వినారు. ఇషిత నవ్వలేదు.

"ఆంటీ, మన షిప్‌కి కెప్టెన్ ఎవరు?"

అధ్యక్షుల వారిని లిఖితపూర్వకంగా అడిగి చెప్పెదనని ఆమెకు మాట ఇచ్చినాను. అడుగుచున్నాను.

కావున సదరు రంగాన్ని ఉన్నది ఉన్నట్లుగా అనుమతించవలెనని కోరుచున్నాను. ఈ విన్నపం బేరమునకు లోబడదు. ఆ రంగంలో ఒక్క మాటయు తీయను. వేదిక ఇవ్వనిచో, భోజనాల హాలులో వరుస పక్కనే ఆడించెదము. ఆకలితో గిన్నెల వైపు చూచుచున్న ప్రేక్షకులు మధ్యలో లేచిపోరని నా నమ్మకం.

తమరు చిత్తగించవలెను. చిత్తగించకున్నను నాటకం ఆడబడును.

నాటకం విషయం మినహా అన్నింటా
తమ విధేయురాలు,
వసుమతి, బి.ఏ.

తా.క.: అన్నయ్యగారూ, వార్షికోత్సవం రోజు వడ్డన బాధ్యత నాదే. రిబ్బన్లు కొనలేదు. పిల్లలు ముందు తింటారు. లైన్ చివర నేను నిలబడతాను. నా వెనకాల ఒక చోటు ఖాళీగా ఉంటుంది. ప్లేటు మీరే తెచ్చుకోండి.